థోర్ మేకల నుంచి దంతేశ్వరి గజ్జెల దాకా
చిన్న తరగతుల పిల్లలకు పురాణకథ చెప్పడం ఎలా? మా కథల పీరియడ్ నేర్పిన పాఠం

ఈ ఏడాది మా పాఠశాలలో చిన్న తరగతులకు కథలు చెప్పే పనిని తొమ్మిదో తరగతి వాళ్ళమైన మాకు అప్పగించారు. శనివారం ఒక పీరియడ్. ఇంట్లో తెలుగు మాట్లాడే ఒకటి, రెండు తరగతుల పిల్లలంతా లైబ్రరీ గదిలో చాప మీద కూర్చుంటారు. ఒకరి నాన్న రైల్వేలో, ఒకరి అమ్మ బ్యాంకులో, ఒకరి నాన్న సీఆర్‌పీఎఫ్‌లో, ఇద్దరి నాన్నలు ఇనుప ఖనిజం గనిలో పనిచేస్తారు. ఒకరిది శ్రీకాకుళం మాట, ఒకరిది కరీంనగర్ మాట. ఇంకొక పాప పుట్టింది అస్సాంలో; అమ్మతో తెలుగు, మిగతా లోకంతో హిందీ. మేమూ అలాంటివాళ్ళమే. మా ఐదుగురిలో ఒక్కరమూ బస్తర్‌లో పుట్టలేదు.

ఎవరు ఏ దేశపు కథలు చెప్పాలో చీటీలు తీస్తే మాకు నార్స్ పురాణకథలు వచ్చాయి. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ దేశాల పాత దేవుళ్ళ కథలు అవి. "థోర్ అంటే సినిమాలో సుత్తి పట్టుకుని తిరిగేవాడే కదా, ఇదేం కష్టం!" అనుకున్నాం. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది. కొన్ని కథలు కుదిరాయి. ఒకటి మేమే చెడగొట్టాం. ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో కథ చెప్పేవాళ్ళకు పనికొస్తుందని ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

1. ముందు మనం తెలుసుకోవాలి

సినిమా చూసి కథ చెప్పకూడదు. పుస్తకం చదవాలి. ఈ కథల్లో ఎక్కువ భాగం మనకు తెలిసింది ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ (1179–1241) వల్ల. ఆయన సుమారు 1220 ప్రాంతంలో 'ఎడ్డా' అనే గ్రంథం రాశాడు. అప్పటికి ఐస్‌లాండ్ ప్రజలు క్రైస్తవులై రెండు వందల ఏళ్ళు దాటింది. పాత దేవుళ్ళను కొలిచేవాళ్ళు లేరు. మరి స్నోరి ఆ కథలు ఎందుకు రాశాడు? కుర్ర కవుల కోసం! వాళ్ళ భాషలో కవులు బంగారాన్ని నేరుగా బంగారం అనరు, 'సిఫ్ జుట్టు' అంటారు. థోర్ భార్య సిఫ్ జుట్టును లోకి కత్తిరించేస్తే, మరుగుజ్జు కంసాలులు ఆమెకు బంగారంతో జుట్టు చేసి ఇచ్చిన కథ తెలిస్తేనే ఆ మాట అర్థమవుతుంది. మనకూ అంతే. 'కరివరదుడు' అన్న మాట విప్పాలంటే గజేంద్రమోక్షం కథ తెలియాలి. కథ పోతే మాట మూగబోతుంది. అందుకని ఎడ్డా ఒక రకంగా పాఠ్యపుస్తకమే.

మాకు ఇంకో విషయం తోచింది. స్నోరి ఐస్‌లాండ్‌లో ఈ కథలు రాస్తున్న కాలంలోనే మన ఓరుగల్లును కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్నాడు. ఆ వంశం పేరు ఈ వ్యాసంలో మళ్ళీ వస్తుంది. గుర్తుపెట్టుకోండి.

2. పేర్లు తగ్గించాలి, రహస్యం దాచాలి

మేము మొదట చెప్పిన కథ థోర్ మేకలది. థోర్ రథాన్ని రెండు మేకపోతులు లాగుతాయి. ఒక రాత్రి థోర్, లోకి ఒక రైతు ఇంట్లో దిగారు.  థోర్ తన మేకల్నే కోసి వండించి అందరినీ భోజనానికి పిలిచాడు. ఒక్క షరతు పెట్టాడు: ఎముకలు విరగకూడదు, తిన్నాక చర్మం మీద వేయాలి. రైతు కొడుకు థ్యాల్ఫికి మూలుగ మీద ఆశ పుట్టింది. తొడ ఎముకను కత్తితో చీల్చాడు. తెల్లారి థోర్ సుత్తి ఎత్తి దీవిస్తే మేకలు రెండూ లేచి నిలబడ్డాయి. ఒకటి మాత్రం వెనక కాలు కుంటుతోంది. థోర్ కోపం చూసి రైతు కుటుంబం వణికిపోయింది. చివరికి థ్యాల్ఫి, అతని చెల్లెలు రోస్క్వా థోర్ వెంట పనివాళ్ళుగా వెళ్ళారు.

మేకల్ని కోశారనగానే ఒక బాబు ముఖం చిన్నబోయింది. తెల్లారి లేచాయనగానే చప్పట్లు కొట్టాడు. కుంటి కాలు దగ్గర అందరూ థ్యాల్ఫి వైపు చూసినట్టు ఒకరినొకరు చూసుకున్నారు. చెప్పిన మాట వినాలి అని మేము నీతి చెప్పనే లేదు.

ఆ తర్వాతిది రాక్షసరాజు కోటలో పందేల కథ. ఇదే థ్యాల్ఫి ఇందులోనూ ఉంటాడు. తిండి పందెంలో లోకి తొట్టెడు మాంసం తిన్నాడు. అవతలివాడు మాంసంతో పాటు ఎముకలూ తొట్టీ కూడా తినేశాడు. పరుగు పందెంలో థ్యాల్ఫి మూడుసార్లూ ఓడిపోయాడు. థోర్ ఒక పొడుగాటి కొమ్ము పాత్రలో పానీయం మూడు గుక్కల్లో తాగబోయాడు, అది కొంచెం మాత్రమే తగ్గింది. ఒక పిల్లిని ఎత్తమంటే దాని ఒక్క పాదమే నేల విడిచింది. చివరికి ఒక ముసలమ్మతో కుస్తీ పట్టి ఒక మోకాలి మీదికి వాలిపోయాడు.

మరునాడు కోట దాటాక రాక్షసరాజు అసలు సంగతి చెప్పాడు. లోకితో పోటీగా తిన్నవాడు నిప్పు. థ్యాల్ఫితో పరిగెత్తింది రాజుగారి ఆలోచన. కొమ్ము రెండో కొస సముద్రంలో ఉంది. పిల్లి కాదు, భూమిని చుట్టుకున్న మహాసర్పం. ఆ ముసలమ్మ వార్ధక్యం. దాన్ని గెలిచినవాడు ఎవడూ లేడు.

మూలంలో ఈ పోటీదారులకు లోగి, హూగి, ఎల్లి అని పేర్లున్నాయి. అక్కడి భాషలో అవి నిప్పు, ఆలోచన, ముసలితనం అనే అర్థాల మాటలే. రాక్షసరాజు పేరు కూడా లోకికి దగ్గరగా ఉంటుంది. మొదటి ప్రయత్నంలో ఇవన్నీ చెప్పాం. పిల్లలకు లోకి, లోగి కలిసిపోయారు. రెండోసారి 'ఒక ఎర్రటి మనిషి', 'ఒక సన్నటి కుర్రాడు', 'ఒక ముసలమ్మ' అన్నాం. అప్పుడు నిలిచింది. చిన్నపిల్లల కథలో మూడు పేర్లు చాలు.

రహస్యాన్ని ముందే బయటపెట్టకూడదు కానీ పిల్లలు పట్టుకునే దారి ఉంచాలి. యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నల్లో గాలి కంటే వేగమైనది ఏది అన్నది ఒకటి. మనసు అని జవాబు. ఆ ప్రశ్నను కథకు ముందు పొడుపుకథలాగా అడిగాం. పరుగు పందెం రహస్యం వచ్చేసరికి వెనక వరుసలోంచి ఒక పాప "మనసు! మనసు!" అని అరిచింది. ఎక్కడి ఐస్‌లాండ్, ఎక్కడి మహాభారతం! కొత్త కథకు మన ఇంటి కథే తలుపు తీసింది.

విశాఖపట్నం నుంచి వచ్చిన బాబుకు సముద్రం తెలుసు. "మరి ఉప్పగా ఉంటుంది కదా, థోర్‌కి తెలీలేదా అన్నా?" అన్నాడు. కథలో దానికి జవాబు లేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పాలనిపించింది కానీ "ఆ మాట స్నోరి రాయలేదురా" అన్నాం. వాడు తృప్తిగా తలూపాడు. తాను పట్టుకున్న తప్పును పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు కదా!

3. మేము చెడగొట్టిన కథ

ఫెన్రిర్ అనే తోడేలు దేవుళ్ళ మధ్యే పెరుగుతోంది. రోజురోజుకూ భయంకరంగా ఎదుగుతోంది. దానికి దగ్గరగా వెళ్ళి తిండి పెట్టే ధైర్యం టీర్ అనే దేవుడికి ఒక్కడికే ఉంది. దాన్ని కట్టెయ్యాలని దేవుళ్ళు రెండు ఇనుప సంకెళ్ళు చేయించారు. రెండింటినీ తెంపేసింది. అప్పుడు మరుగుజ్జులు పట్టుదారంలాంటి మెత్తటి పట్టీ ఒకటి చేశారు. దాన్ని ఆరు వస్తువులతో చేశారు: పిల్లి అడుగుల చప్పుడు, ఆడవాళ్ళ గడ్డం, కొండ వేళ్ళు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పిట్ట ఉమ్మి. అందుకే ఇప్పుడు పిల్లి నడిస్తే చప్పుడు కాదట!

తోడేలుకు అనుమానం వచ్చింది. "మోసం లేదని నమ్మకం ఏమిటి? మీలో ఒకరు నా నోట్లో చెయ్యి పెట్టండి" అంది. టీర్ ముందుకొచ్చి కుడిచెయ్యి పెట్టాడు. పట్టీ తెగలేదు. దేవుళ్ళంతా నవ్వారు. టీర్ మాత్రం నవ్వలేదు. అతని చెయ్యి పోయింది.

చిన్నపిల్లలు భయపడతారని మేము ఆ చివరిమాట తీసేశాం. టీర్ చటుక్కున చెయ్యి లాగేసుకున్నాడని, అందరూ సంతోషించారని ముగించాం. చాప మీద ఎవరూ సంతోషించలేదు. ఒక పాప అడిగింది: "అయితే తోడేలును ఊరికే మోసం చేశారా అక్కా?"

మాకు జవాబు దొరకలేదు. భయం తీసేద్దామనుకుని మేము న్యాయం తీసేశాం. మూలకథలో దేవుళ్ళు మాట తప్పారు, నిజమే. కానీ దానికి ఒక మూల్యం చెల్లించారు. తిండి పెట్టిన చెయ్యే దాని నోట్లో పోయింది. ఆ మూల్యం లేకపోతే పదిమంది కలిసి ఒక జంతువును ఏడిపించిన కథ అవుతుంది.

తరువాతి శనివారం తప్పు ఒప్పుకుని మళ్ళీ చెప్పాం. నెత్తురు గురించి ఒక్క మాటా అనలేదు. "చెయ్యి పోయింది" అని ఆగాం. కాసేపు అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. తర్వాత ఒకడు "మరి ఏ చేత్తో అన్నం తింటాడు?" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ముగ్గురు పిల్లలు ఎడమచేత్తో టిఫిన్ డబ్బా మూత తీయడానికి అవస్థ పడుతుంటే చూశాం. కథ లోపలికి వెళ్ళిందని అర్థమైంది.

కాబట్టి మేము రాసుకున్న సూత్రం ఇది: కథను తగ్గించవచ్చు, మెత్తగా చెప్పవచ్చు, కానీ కథలో చెల్లించిన మూల్యాన్ని దాచకూడదు.

ఒక చిన్న తాయిలం. ఇంగ్లిష్‌వాళ్ళ పూర్వీకులు ఈ టీర్‌నే 'టీవ్' అనేవారు. ట్యూస్‌డే అంటే ఆ దేవుడి రోజు. రోమన్లు కుజుడి పేరు పెట్టుకున్న వారానికి వీళ్ళు టీవ్ పేరు పెట్టారు. మనం మంగళవారం అంటాం, మంగళుడంటే కుజుడే. అలాగే గురువారం థోర్‌ది, బుధవారం దేవతల పెద్ద ఓడిన్‌ది, శుక్రవారం అతని భార్య ఫ్రిగ్‌ది. గోడమీది క్యాలెండర్‌లో మంగళవారం గడి చూసినప్పుడల్లా ఒంటిచేతి దేవుడు గుర్తుకొస్తాడని పిల్లలు అంటున్నారు.

4. "ఇక్కడి దేవుళ్ళకి కథలు లేవా?"

ఈ ప్రశ్న అడిగింది రెండో తరగతి బాబు. మా ఐదుగురం ముఖాలు చూసుకున్నాం. ఐస్‌లాండ్ మేకల కాళ్ళ గురించి తెలిసిన మాకు, రోజూ స్కూలు బస్సు కిటికీలోంచి కనిపించే ఊళ్ళ కథ ఒక్కటీ రాదు. ఇక్కడే పుట్టి పెరిగిన మా తరగతి స్నేహితుణ్ణి అడిగాం. ఆదివారం వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళ నానమ్మ హల్బీలో చెప్పింది, వాడు హిందీలో చెప్పాడు, మేము తెలుగులో రాసుకున్నాం.

కథ మన ఓరుగల్లు నుంచి మొదలవుతుంది! 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు కోట పడిపోయింది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవుల వైపు వచ్చాడంటారు. దంతేశ్వరి మాయి అతనితో ఇలా అంది: "నువ్వు ముందు నడువు, నేను నీ వెనకే వస్తాను. నువ్వు నడిచినంత మేరా నీ రాజ్యం. కానీ వెనక్కి తిరిగి చూడకు. చూస్తే అక్కడే ఆగిపోతాను." అతను నడుస్తున్నాడు. వెనక గజ్జెలు ఘల్లుఘల్లుమంటున్నాయి. శంఖినీ, డంకినీ నదులు కలిసే చోటికి వచ్చేసరికి అమ్మవారి పాదాలు ఇసుకలో దిగబడ్డాయి. గజ్జెల చప్పుడు ఆగిపోయింది. రాజుకు కంగారు పుట్టి వెనక్కి చూశాడు. ఆమె అక్కడే నిలిచిపోయింది. అదే దంతెవాడ. ఆమె గుడి ఇప్పటికీ ఆ నదుల సంగమం దగ్గరే ఉంది.

నానమ్మ 'ఘల్లు' అన్న చోట తన కాలి కడియాన్ని వేలితో మీటి చూపించింది. మేము కథ చెప్పేటప్పుడు తాళంచెవుల గుత్తి వాడాం. చప్పుడు ఆపేసిన క్షణంలో చాప మీద ఉన్న పిల్లలంతా వెనక్కి తిరిగారు!

ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అని మా సోషల్ సార్‌ని అడిగాం. ఓరుగల్లు పతనం చరిత్ర. బస్తర్ రాజులు తాము కాకతీయ వంశీకులమని చెప్పుకున్నారన్నదీ నిజమే. దంతెవాడలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనం వంశావళిని ఓరుగల్లు దాకా తీసుకెళ్తుంది. గజ్జెల చప్పుడు మాత్రం కథ. ఒడిశా సాక్షిగోపాలుడి కథలోనూ దేవుడు గజ్జెల చప్పుడుతో భక్తుడి వెనక నడుస్తాడు, అక్కడా వెనక్కి చూడకూడదు. గ్రీకుల ఆర్ఫియస్ కథలోనూ ఇదే షరతు. థ్యాల్ఫి ఎముకను గుర్తు తెచ్చుకోండి: ఒకే ఒక్క షరతు, ఒకే ఒక్క తప్పు, ఆ గుర్తు ఎప్పటికీ పోదు. అక్కడ కుంటి మేక, ఇక్కడ నది ఒడ్డున గుడి.

సార్ ఇంకో ప్రశ్న వేశారు. "ఈ కథ ఎవరి వైపు నుంచి చెప్పారు? రాజు నడిచిన దారిలో అంతకుముందు ఎవరూ లేరా?" ఉన్నారు. బారసూరులో గుళ్ళు కట్టించిన నాగవంశపు రాజులు అంతకుముందే ఈ నేలను ఏలారు. మురియా, మాడియా, హల్బా, ధుర్వా ప్రజలు ఈ అడవుల్లో బతుకుతున్నారు. వాళ్ళకు వాళ్ళ కథలున్నాయి. మురియాల లింగో ఒకేసారి పద్దెనిమిది వాద్యాలు వాయించగలవాడు, మనుషులకు ఆటపాటలు నేర్పినవాడు. వెరియర్ ఎల్విన్ 1947లో అచ్చయిన తన పుస్తకంలో లింగో కథలు రాశాడు. పద్దెనిమిది వాద్యాల పేరు చెప్పగానే మా చిన్నపిల్లలు బల్లలు, సీసాలు, పెన్సిల్ డబ్బాలు అన్నీ మోగించారు. పక్క తరగతి మేడమ్ వచ్చి ఆపించారు.

అప్పుడే మాకు ఇంకో జాగ్రత్త తెలిసింది. థోర్ కథలో మేము హాస్యం కలిపితే బాధపడేవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. దంతేశ్వరికీ లింగోకీ మన పక్క ఊళ్ళోనే పూజలు జరుగుతాయి. ఆ కథలు చెప్పేముందు ఆ ఇంటివాళ్ళను అడగాలి. వాళ్ళు చెప్పొద్దన్నది చెప్పకూడదు. చెప్పేటప్పుడు 'ఇది ఫలానావాళ్ళు చెప్పిన కథ' అని మొదలుపెట్టాలి. అతిథి ఇంటివాళ్ళ వస్తువు ముట్టుకునేముందు అడుగుతాడు కదా!

5. ఆగిపోయిన అమ్మవారు ఎలా వచ్చింది?

దసరా సెలవుల తర్వాత అస్సాంలో పుట్టిన పాప మమ్మల్ని నిలదీసింది. బస్తర్ దసరా గురించి చదువుకునే ఉంటారు: హరేలీ అమావాస్యతో మొదలై 75 రోజులు సాగుతుంది. ఇందులో రావణ దహనం ఉండదు. జగ్‌దల్‌పూర్‌లో పెద్ద చెక్క రథాన్ని ఊళ్ళ జనం లాగుతారు. దంతెవాడ నుంచి అమ్మవారి పల్లకీ వస్తే ఎదురువెళ్ళి స్వాగతం చెబుతారు. పాప అది చూసింది. "అమ్మవారు ఇసుకలో ఆగిపోయింది అన్నారుగా అక్కా? మరి జగ్‌దల్‌పూర్ ఎలా వచ్చింది?"

మేము ఆలోచించి చెప్పాం: "ఆమె నడవడం మానేసింది. ఇప్పుడు జనం మోసుకొస్తారు."

ఇది మా సొంత జవాబు. కానీ ఆ తర్వాత మాకు కథలన్నీ అలాగే కనిపించడం మొదలుపెట్టాయి. ఐస్‌లాండ్‌లో పాత దేవుళ్ళు నడవడం మానేశాక స్నోరి వాళ్ళను మోశాడు. నానమ్మ హల్బీలో మోసింది, మా స్నేహితుడు హిందీలో, మేము తెలుగులో.

మన ఇళ్ళలో బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు మీకందరికీ తెలుసు. అట్టపెట్టెలు వస్తాయి. ఏది పట్టుకెళ్ళాలి, ఏది వదిలేయాలి అని అమ్మ లెక్క వేస్తుంది. మొక్కలు వదిలేస్తాం. పిల్లి ఉంటే పక్కింటివాళ్ళకు ఇస్తాం. కథకు లారీలో చోటు అక్కర్లేదు. అయినా మాలో చాలామందిమి ఇదివరకు ఉన్న ఊళ్ళ నుంచి ఒక్క కథా తెచ్చుకోలేదు. అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు లైబ్రరీలో ఒక రూళ్ళ పుస్తకం పెట్టాం. బదిలీ అయ్యే ప్రతి పిల్లా పిల్లాడూ వెళ్ళేముందు తనకు తెలిసిన ఒక కథ అందులో రాయాలి, ఒక కథ తనతో తీసుకెళ్ళాలి.

మొదటి పేజీ సముద్రం ఉప్పు గురించి అడిగిన బాబుది. వాళ్ళ నాన్నకు బదిలీ అయింది. కిరండూల్ రైలెక్కి విశాఖ మీదుగా వెళ్ళిపోతున్నాడు. చివరి శనివారం మా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు: "అన్నా, రైల్లోంచి నేను వెనక్కి చూడొచ్చా?"

చూడమన్నాం. ఎంతసేపు కావాలంటే అంతసేపు.

చేసి చూడండి

1. మీ ఇంట్లో పెద్దవాళ్ళను, ఇప్పుడు మీరున్న ఊరివాళ్ళను ఒక్కో కథ అడగండి. చెప్పినవారి అనుమతితో పది వాక్యాల్లో రాయండి.
2. ఆ కథలో ఎవరు ఏ మూల్యం చెల్లించారో ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యం తీసేసి కథను మళ్ళీ చదవండి. ఏం మారింది?
3. మీ కథలో ఎన్ని పేర్లున్నాయి? మూడుకు తగ్గించి మీ చెల్లెలికో తమ్ముడికో చెప్పండి. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నను రాసుకోండి.
4. 'ఒకే ఒక్క షరతు' ఉన్న కథలు మీకు ఇంకేమి తెలుసు? తరగతిలో జాబితా తయారుచేయండి.
5. గజ్జెలు, గాలి, రైలు, వాన. వీటి చప్పుళ్ళను మీ ఇంటి భాషలో ఎలా అంటారు? పక్కనున్న స్నేహితుడి భాషలో ఎలా అంటారో అడిగి రెండూ పక్కపక్కన రాయండి.